జంట చర్చ

విద్యలో పావు వంతు గురువు వల్ల, పావు వంతు స్వబుద్ధి వల్ల, పావు వంతు సహాధ్యాయుల వల్ల, మిగిలినది కాలక్రమంలో లభిస్తుందని పెద్దల మాట. నేటి తరగతి గదిలో ఆ మూడవ పావు తరచు వృథా అవుతున్నది.

భద్రాచలం పరిసరాల అడవి పల్లెలలో కోయ ఇంటి భాష, తెలుగు బడి భాష. రెండూ ద్రావిడ భాషలే అయినా ఒకటి కావు. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కోయతో సహా ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక బోధన చేపట్టడానికి కారణం ఈ అంతరమే. పై తరగతిలో కోయ విద్యార్థి మౌనం వహిస్తే, అది అజ్ఞానం కానక్కరలేదు. తెలిసిన విషయానికి తెలుగు మాట అందకపోవడం కావచ్చు.

ఇటువంటి చోట జంట చర్చ ఉపకరిస్తుంది. అమెరికా విద్యావేత్త ఫ్రాంక్ లైమన్ 1981లో దీనికి మూడు దశలు ఏర్పరచాడు: ముందు ఎవరికి వారు ఆలోచించాలి, తరువాత పక్కవారితో చర్చించాలి, చివరకు తరగతికి వినిపించాలి.

ఇప్పపూల సేకరణ గురించి ప్రశ్న వచ్చిందనుకోండి. వేకువన రాలిన పూలను ఏరి ఎండబెట్టే తీరు కోయ విద్యార్థికి అనుభవం. దానిని చెప్పే తెలుగు వాక్యం పక్క విద్యార్థికి అలవాటు. ఇరువురూ ఇచ్చేవారే, ఇరువురూ పుచ్చుకొనేవారే.

అయితే ఒకరే మాట్లాడితే అది చర్చ కాదు. ఇద్దరికీ సమాన సమయం ఉండాలి. తోడివారి అభిప్రాయాన్ని తాను వినిపించాలన్న నియమం ఉంటే, వినడం కూడా అలవడుతుంది. వినేవారు ఒక్కరున్నా మౌనానికి మాట వస్తుంది.