తప్పు పెట్టెలో పడిన ఉత్తరం

తపాలా కవరుపై చిరునామా సరిగా లేకపోతే ఉత్తరం తిరిగి వస్తుంది. పంపినవారికి కనీసం సంగతి తెలుస్తుంది. ఒక ఊరి రామారావుగారి ఉత్తరం మరో ఊరి రామారావుగారి చేతికి అందితే మాత్రం ఆ పొరపాటు బయటపడడం కష్టం. ఈ-మెయిల్ సర్వర్లలోనూ ఈ రెండు విధాల తప్పులూ జరుగుతాయి.

1971లో అమెరికన్ ఇంజనీరు రే టామ్లిన్‌సన్ వ్యక్తి పేరుకూ కంప్యూటరు పేరుకూ నడుమ 'యాట్' గుర్తును నిలిపాడు. ఆ గుర్తుకు కుడివైపున ఉన్న పేరు, అంటే డొమైన్, తనదైతే సర్వరు ఉత్తరాన్ని తన పెట్టెలోనే వేస్తుంది. ఇదే స్థానిక బట్వాడా. కాకపోతే మరో సర్వరుకు పంపుతుంది. అంతకుముందే, తనకిచ్చిన పట్టికను అనుసరించి, కొన్ని చిరునామాలను మార్చి రాస్తుంది. సాధారణంగా ఈ మార్పు కవరుకే పరిమితం. లోపలి ఉత్తరంలో పాత చిరునామాయే కనబడుతుంది.

వీట్సె వెనెమా రూపొందించగా 1998లో వెలువడిన పోస్ట్‌ఫిక్స్ ఇటువంటి సాఫ్ట్‌వేరే. దానిలో సర్వరు సొంత డొమైన్లకు ఒక జాబితా ఉంటుంది. ఒక డొమైన్‌ను ఏ జాబితాలోనూ చేర్చడం మరిస్తే, సర్వరు దాని దారి కోసం డి.ఎన్.ఎస్.ను అడుగుతుంది. "అది నీ దగ్గరికే" అని జవాబు వస్తుంది! తన ఇంటి దారి ఇతరులను అడిగినవాని చందమిది. ఉత్తరం తనవద్దకే తిరిగి వస్తున్నదని ప్రకటించి సర్వరు దానిని వెనక్కు పంపుతుంది. ఈ లోపం వెంటనే బయటపడుతుంది.

రెండవది గూఢమైనది. ఒకే సర్వరు రెండు కళాశాలల ఉత్తరాలను చూస్తున్నదనీ, రెండింటి డొమైన్లనూ ఆ సొంత జాబితాలోనే చేర్చారనీ ఊహించవచ్చు. అప్పుడు పోస్ట్‌ఫిక్స్ పెట్టెను ఎంచుకొనేటపుడు ఎడమవైపు పేరును మాత్రమే చూస్తుంది. 'ప్రిన్సిపాల్' అన్న పేరుతో వచ్చిన ఉత్తరాలు, అవి ఏ కళాశాలవైనా, ఒకే పెట్టెలో పడతాయి. ఉపకారవేతనం కోసం ఒక విద్యార్థి పంపిన దరఖాస్తు ఆ విధంగా పరాయివారి పెట్టెలో గడువు దాటిపోవచ్చు. దోషసందేశం ఏదీ రాదు.

దీనిని పట్టి ఇచ్చేది సర్వరు దినచర్య, అనగా లాగ్. రెండవ కళాశాల చిరునామా మారకుండానే ఉండి, పక్కన 'రిలే' అన్నచోట 'లోకల్' అనీ, చివర 'సెంట్' అనీ ఉంటే తప్పు దొరికినట్లే. ఆ డొమైన్‌ను సొంత జాబితానుంచి తొలగించి, వర్చువల్ ఏలియస్ డొమైన్‌గా మాత్రమే చేర్చి, ఒక్కొక్క చిరునామాకూ దాని గమ్యాన్ని పట్టికలో రాయాలి. పట్టికను సవరించిన పిదప 'పోస్ట్‌మ్యాప్' ఆదేశం ఇవ్వడం చాలామంది మరుస్తారు. ఇవ్వకపోతే సర్వరు పాత పట్టికనే చదువుతూ ఉంటుంది. ఆ తరువాత వచ్చే ఉత్తరానికి లాగ్‌లో కొత్త గమ్యమూ, దాని పక్కన మొదటి చిరునామా, రెండూ కనబడతాయి.