2.7 మెగాపిక్సెళ్ల పెద్ద కెమెరా: నికాన్ డి1పై అపోహలు, వాస్తవాలు

పాత డిజిటల్ కెమెరాలకు మళ్లీ గిరాకీ వచ్చింది. ‘సీసీడీ రంగులు’ అంటూ ఇన్‌స్టాగ్రామ్‌లో మొదలైన సరదా విశాఖ దగ్గరి మన చోడవరం దాకా చేరింది. స్టూడియోల అద్దాల బీరువాల్లో దుమ్ము పట్టిన సరుకును కుర్రాళ్లు బేరమాడుతున్నారు. జేబులో పట్టే చిన్న కెమెరా అయితే పోతే పోయిందనుకుని కొనేస్తారు. ఒకప్పుడు పత్రికలవాళ్లు మెడలో వేసుకున్న బరువైన డీఎస్ఎల్ఆర్ కనిపిస్తే మాత్రం తీర్పులు మొదలవుతాయి. ఒకరు ‘ఇనపసామానుకి వేసెయ్’ అంటారు. మరొకరు ‘ఇప్పటి లక్ష రూపాయల కెమెరా దీని కాలిగోటికి చాలదు’ అంటారు. రెండూ నిజం కావు.

ఆ బరువైన జాతికి పెద్దదిక్కు నికాన్ డి1. 1999 జూన్‌లో ప్రకటించారు. బ్యాటరీ లేకుండానే కిలో పైన తూగుతుంది. జపాన్‌లో ధర 6,50,000 యెన్లు, అప్పటి మారకంలో సుమారు రెండున్నర లక్షల రూపాయలు. 23.7 × 15.6 మిల్లీమీటర్ల సీసీడీ సెన్సర్, 2000 × 1312 పిక్సెళ్ల ఫొటో, సెకనుకు నాలుగున్నర ఫ్రేములు, ఐఎస్ఓ 200 నుంచి 1600, సెకనులో 16,000వ వంతు దాకా వెళ్లే షట్టర్. కాగితం మీద ఇంతే. దీని గురించి చెప్పుకునే మాటలు మాత్రం ఇంతకు నాలుగింతలు ఉన్నాయి.

“ప్రపంచంలో మొదటి డిజిటల్ ఎస్ఎల్ఆర్ ఇదే”

కాదు. కొడాక్ 1991లోనే నికాన్ ఎఫ్3 బాడీకి తన సెన్సర్ తగిలించి డీసీఎస్ పేరుతో అమ్మింది. 1.3 మెగాపిక్సెళ్లు. ఫొటోలు నిల్వ చేసే 200 మెగాబైట్ల హార్డ్ డిస్కు వేరే పెట్టెలో ఉండేది, దాన్ని భుజానికి తగిలించుకుని తిరగాలి. ఆ తర్వాత వచ్చిన కొడాక్ మోడళ్లు కూడా నికాన్, కేనన్ ఫిల్మ్ బాడీల మీద కట్టినవే. ధర చూస్తే పెద్ద వార్తాసంస్థలకు తప్ప ఎవరికీ అందేది కాదు.

డి1 గొప్పతనం వేరే. పాత ఫిల్మ్ కెమెరాకు వెనక ఒక డబ్బా అతికించకుండా, బాడీ, సెన్సర్, మీటరు, ఫోకస్ అన్నీ ఒకే యంత్రంగా ఒకే కంపెనీ కూర్చింది. ఫిల్మ్‌తో నికాన్ ఎఫ్5 వాడిన చెయ్యి దీన్ని పట్టుకుంటే బటన్ల కోసం వెతుక్కోదు. అప్పటి కొడాక్ బాడీల కన్నా చాలా తక్కువ ధరకు వచ్చింది. పత్రికలు ఫిల్మ్ వదిలి డిజిటల్‌కు మళ్లడానికి ఇది పెద్ద కారణం.

“ఏటి గురూ, రెండున్నర మెగాపిక్సెల్‌కి బొమ్మేటొస్తాది?”

ఎక్కువగా వినిపించే ప్రశ్న ఇది. జవాబు ఆ బొమ్మను ఎక్కడ, ఎంత దూరం నుంచి చూస్తారన్న దాన్ని బట్టి ఉంటుంది.

అడ్డంగా 2000 చుక్కలు ఉన్నాయి. అంగుళానికి 300 చుక్కల చొప్పున ప్రింటు వేస్తే ఆరున్నర అంగుళాలకు పైనే వస్తుంది. అంటే ల్యాబుల్లో వేసే 4 × 6 ప్రింటు నాణ్యతలో ఏ లోటూ లేకుండా వస్తుంది. అంగుళానికి 200 చుక్కలు చాలనుకుంటే పది అంగుళాల వెడల్పు.

పత్రిక సంగతి ఇంకా సులువు. న్యూస్‌ప్రింట్ మీద సిరా పరుచుకుంటుంది, అక్కడ అంగుళానికి 170 చుక్కలు దాటితే కాగితం వాటిని నిలబెట్టుకోలేదు. ఆ లెక్కన డి1 ఫొటో దాదాపు 30 సెంటీమీటర్లు, ఇంచుమించు దినపత్రిక పేజీ వెడల్పు. మన ప్రాంతానికి ఇది చిన్న విషయం కాదు. 1974లో విశాఖపట్నంలో పుట్టిన ఈనాడు 1989లో జిల్లా అనుబంధాలు మొదలుపెట్టాక, ప్రతి మండలం నుంచి రోజూ ఫొటో కావాల్సి వచ్చింది. గోవాడ చక్కెర ఫ్యాక్టరీ గేటు ముందు చెరకు బళ్ల బారు ఫొటో తీస్తే, ఆ రీలు కవరులో పెట్టి బస్సులో విశాఖ చేర్చాలి. అక్కడ కడగాలి, ప్రింటు వేయాలి, స్కాన్ చేయాలి. యాభై కిలోమీటర్ల దారిలో బస్సు ఆగిపోతే ఆ రోజు ఫొటో లేనట్టే. ఫోన్ లైను మీదుగా పంపగలిగే ఫైలును కెమెరాయే తయారు చేసిస్తుంటే, పిక్సెళ్లు ఎన్నని సంపాదకుడు లెక్కపెట్టడు. డి1 గెలిచింది ఆ పందెంలో.

ఫ్లెక్సీ లెక్క చెబితే చాలామంది నమ్మరు. చోడవరం స్వయంభూ విఘ్నేశ్వరాలయం దారిలో వినాయక చవితికి కట్టే పదడుగుల ఫ్లెక్సీ మీద ఈ ఫొటో వేశారనుకోండి. ఒక్కో పిక్సెల్ ఒకటిన్నర మిల్లీమీటర్లకు సాగుతుంది. మామూలు చూపున్న మనిషి పదిహేడు అడుగుల అవతల నిలబడితే ఆ చుక్కలను విడదీసి చూడలేడు. రోడ్డుకు అటువైపు నుంచి చూసేవాడికి ఫొటో బాగానే ఉంటుంది.

చేతకానిచోట చేతకాదనే చెప్పాలి. పెళ్లి ఆల్బమ్‌లో 12 × 36 అంగుళాల షీటు ఒళ్లో పెట్టుకుని చూస్తారు. ఒకే ఫొటోను ఆ షీటంతా పరిస్తే అంగుళానికి 55 చుక్కలే మిగులుతాయి. పెళ్లికూతురి కనుబొమల్లో మెట్లు కనబడతాయి. ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని పూర్తిగా కప్పిపెట్టలేదు.

“లోపల 10 మెగాపిక్సెళ్లు దాచారు, తాళం తీస్తే వచ్చేస్తాయి”

ఈ పుకారులో సగం నిజం ఉంది, అందుకే ఇన్నేళ్లు బతికింది. డి1 సీసీడీలో నిజంగానే 1.08 కోట్ల కాంతి గుంతలు ఉన్నాయి. కెమెరా వచ్చినప్పుడు నికాన్ ఆ మాట బయటపెట్టలేదు, తర్వాతి కాలంలో తెలిసింది. నాలుగేసి గుంతల్లోని విద్యుత్తును కలిపి ఒక్క పిక్సెల్‌గా లెక్కించేవారు. అలా చేస్తే సంకేతం బలపడుతుంది, ఫైలు చిన్నదవుతుంది, సెకనుకు నాలుగున్నర ఫ్రేములు తీయడానికి వీలవుతుంది.

మరి తాళం తీయొచ్చా? తీయలేం. ఆ కలపడం చిప్‌లోనే జరిగిపోతుంది. నాలుగు చెంబుల నీళ్లు బిందెలో పోశాక ఏ చెంబులోది ఏదో బిందెను అడిగి లాభం లేదు. 2001లో వచ్చిన డి1ఎక్స్‌లో పిక్సెళ్లు అడ్డంగా రెట్టింపయ్యాయి, నిలువులో దాదాపు అంతే ఉన్నాయి. చదరంగా కాక నిలువు దీర్ఘచతురస్రాలుగా ఉండే ఆ పిక్సెళ్ల నుంచి 3008 × 1960 ఫొటోను కెమెరా లెక్కగట్టి ఇచ్చేది. కాబట్టి ‘సాఫ్ట్‌వేర్ వేసి పది మెగాపిక్సెల్ చేసిస్తా’ అని ఎవరైనా డబ్బులడిగితే నమస్కారం పెట్టి వచ్చేయండి.

“సీసీడీ రంగులంటే సీసీడీ రంగులే!”

ఈ కాలపు మోజంతా ఈ మాట మీదే నిలబడింది. సీసీడీకి రంగు తెలియదు, ఇప్పటి కెమెరాల్లో ఉండే సీమాస్ సెన్సర్‌కూ తెలియదు. రెండూ వెలుగు ఎంత పడిందో మాత్రమే కొలుస్తాయి. సెన్సర్ మీద గళ్లుగా పరిచిన ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లూ, ఆ తర్వాత కెమెరా చేసే లెక్కలూ కలిసి రంగును తయారు చేస్తాయి.

దీనికి డి1 కన్నా మంచి రుజువు దొరకదు. ఇది పక్కా సీసీడీ కెమెరా, అయినా వచ్చిన కొత్తలో దీని మీద ఎక్కువ ఫిర్యాదులు రంగుల గురించే. కారణం విచిత్రం. కంప్యూటర్లన్నీ ఎస్ఆర్‌జీబీ అనే కొలమానంలో రంగులు చూపిస్తుంటే, డి1 తన జేపెగ్ ఫైళ్లను ఎన్‌టీఎస్‌సీ కొలమానంలో రాసేది. అది 1953లో అమెరికా రంగుల టీవీ కోసం నిర్ణయించినది. ఆ ఫైలును అలాగే తెరిస్తే చెరకు తోట పచ్చదనం పాలిపోతుంది, చర్మం రంగు చప్పబడుతుంది. సరైన ప్రొఫైల్ తగిలించి మారిస్తే చక్కగా కుదురుకుంటుంది. తర్వాతి మోడళ్లయిన డి1ఎక్స్, డి1హెచ్‌లలో నికాన్ ఎస్ఆర్‌జీబీ, అడోబ్ ఆర్‌జీబీ ఇచ్చి ఈ గొడవ వదిలించుకుంది. సెన్సర్ రకం మాత్రం అప్పుడూ సీసీడీయే. ‘సీసీడీ మాయ’ అని మనవాళ్లు మురిసిపోయే ఫొటోల్లో సగం మాయ ఎదురుగా కొట్టిన ఫ్లాష్‌ది.

“16,000వ వంతు షట్టరంటే తూటాను కూడా ఆపేస్తుంది”

చోడవరంలో తూటాలు ఎవరు తీస్తున్నారో తెలియదు గానీ, ఆ అంకెకు అసలు ఉపయోగం వేరే ఉంది. మిట్టమధ్యాహ్నం ఎండలో, ఐఎస్ఓ 200 దగ్గర, ఎఫ్1.8 లెన్సును పూర్తిగా తెరిచి తీయాలంటే సరిగ్గా ఆ వేగమే కావాలి. వెనక నేపథ్యాన్ని మసకబరిచే ఫొటో పట్టపగలు తీయడానికి అది దారి.

ఈ కెమెరాలో నిజంగా విలువైన అంకెను ఎవరూ చెప్పుకోరు. అది ఫ్లాష్ సింక్ 500వ వంతు. మామూలు షట్టర్ తెర వేగం పెరిగేకొద్దీ సన్నని చీలికగా కదులుతుంది, అప్పుడు ఫ్లాష్ కొడితే ఫ్రేములో ఒక ముక్క మీదే వెలుగు పడుతుంది. డి1లో వేగాలు పెరిగాక తెర పూర్తిగా తెరుచుకునే ఉంటుంది, సీసీడీయే తనను తాను విద్యుత్తుతో మొదలుపెట్టి ఆపేసుకుంటుంది.

ఎండలో ఊరేగింపు తీసినవాళ్లకు దీని విలువ తెలుస్తుంది. నెత్తి మీద సూర్యుడుంటే కళ్ల కింద, గడ్డం కింద నల్లని నీడలు పడతాయి, ఫ్లాష్‌తో వాటిని నింపాలి. పెంటాక్స్ కె1000 లాంటి ఫిల్మ్ కెమెరాలో సింక్ 60వ వంతు. వంద ఐఎస్ఓ రీలు వేస్తే ఎండకు ఎఫ్20 దాకా మూయాలి. గైడ్ నంబర్ 28 ఉన్న ఫ్లాష్ అక్కడ నాలుగున్నర అడుగులు దాటి పనిచేయదు. డి1లో అదే ఎండకు, ఐఎస్ఓ 200 దగ్గర ఎఫ్10 చాలు. అదే ఫ్లాష్ పదమూడు అడుగుల దాకా వెళ్తుంది. ఇప్పటి ఖరీదైన ఫుల్‌ఫ్రేమ్ బాడీల్లోనూ చాలావాటికి మామూలు సింక్ 200 లేదా 250వ వంతు దగ్గరే ఆగుతుంది. ఈ ఒక్క విషయంలో పాతదాని పక్షాన వాదించేవాళ్లు గెలిచినట్టే.

సీసీడీయే షట్టర్ పని చేసినందుకు ఒక ఖరీదు ఉంది. ఫ్రేములో సూర్యుడో, హేలోజన్ దీపమో నేరుగా ఉంటే ఆ వేగాల్లో దాని మీదుగా నిలువుగా తెల్లని చార పడుతుంది.

“200 లెన్సు వేస్తే 300 అయిపోతుంది”

లెన్సు మారదు. 200 ఎంఎం ఎప్పుడూ 200 ఎంఎమ్మే. సెన్సర్ ఫిల్మ్ కన్నా చిన్నది కాబట్టి, లెన్సు వేసిన బొమ్మలో మధ్యభాగాన్నే తీసుకుంటుంది. కబడ్డీ పోటీ తీసేవాడికి ఇది లాభం. కల్యాణ మండపంలో గ్రూప్ ఫొటో తీసేవాడికి కష్టం. పన్నెండు అడుగులు మాత్రమే వెనక్కి జరగగల గదిలో 28 ఎంఎం లెన్సు ఫిల్మ్ మీద పదిహేను అడుగుల వరుసను పట్టేది. డి1 మీద అది పదడుగులే. అటు పెదనాన్నగారు, ఇటు మేనత్తగారు ఫొటోలోంచి తప్పుకుంటారు, తర్వాత మాట పడేది ఫొటోగ్రాఫరు. ఆ వెడల్పు తిరిగి కావాలంటే 18 ఎంఎం చుట్టుపక్కల లెన్సు ఉండాలి.

“పిక్సెల్ పెద్దది కదా, చీకట్లో ఇదే మేలు”

పిక్సెల్ పెద్దదే, దాదాపు 12 మైక్రాన్లు. కానీ చీకటి ఫొటోను నిర్ణయించేది పిక్సెల్ సైజు ఒక్కటే కాదు. పడిన వెలుగులో ఎంత భాగం విద్యుత్తుగా మారింది, దాన్ని చదివేటప్పుడు ఎంత రొద కలిసింది అన్నవి కూడా చూడాలి. ఆ రెండింటిలో గత పాతికేళ్లలో సెన్సర్లు చాలా దూరం వచ్చాయి. గర్భగుడి దీపపు వెలుగులో డి1ను 1600 దగ్గర పెడితే నీడల్లో గరుకు తేలుతుంది. పెద్ద పిక్సెళ్లున్నా అక్కడ కొత్త కెమెరాదే పైచేయి.

ఇక కొనాలా వద్దా? పెళ్లిళ్ల ఆదాయం మీద బతికే స్టూడియోకు వద్దు. ఫొటోగ్రఫీ నేర్చుకునేవారికి, దగ్గర పాత నికాన్ లెన్సులు ఉన్నవారికి చవగ్గా వస్తే పర్వాలేదు. కొనేముందు సొంత మెమరీ కార్డు, ఫ్లాష్ పట్టుకెళ్లండి. తెల్ల గోడ ముందు 500వ వంతులో ఫ్లాష్ కొట్టి ఫ్రేమంతా సమంగా వెలిగిందో లేదో చూడండి. లెన్సు, అద్దం, సెన్సర్ మీద బూజు ఉందేమో టార్చి వేసి చూడండి, మన సముద్రపు తేమకు అది సులువుగా పడుతుంది. అన్నిటికన్నా ముందు బ్యాటరీ అడగండి. ఈఎన్-4 అనే ఆ నికెల్ బ్యాటరీ వాడకపోయినా నెలకు నాలుగో వంతు దాకా దానంతటదే ఖాళీ అవుతుంది, కెమెరా కూడా దాన్ని విపరీతంగా తాగుతుంది. పాతికేళ్ల నాటి అసలు బ్యాటరీ ఇక పనికిరాదనే లెక్క. సెల్స్ మార్చినదో, వేరే కంపెనీదో పనిచేసే బ్యాటరీ చేతికి ఇవ్వకపోతే ఆ బేరం వదిలేయండి.