పని నేర్పుతామన్నారు.. జీతం మాత్రం లేదన్నారు!

లండన్: కేట్ రైలీ బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలో జియాలజీ చదివింది. 2011లో ఉద్యోగం లేక నిరుద్యోగ భృతి తీసుకుంటూ, ఎప్పటికైనా మ్యూజియంలో పనిచేయాలన్న కోరికతో ఊళ్లోని ఓ చిన్న మ్యూజియంలో ఊరికే సాయం చేస్తుండేది. ఆ నవంబరులో జాబ్‌సెంటర్ వాళ్లు అది మానేసి పౌండ్‌ల్యాండ్ దుకాణంలో రెండు వారాలు ‘అనుభవం’ సంపాదించి రమ్మన్నారు. సరుకు సర్దడం, నేల ఊడవడం.. ఇదీ అనుభవం! వెళ్లకపోతే భృతి కట్ అన్నారు.

పాతికేళ్ల లోపు వాళ్లకు ఆ ఏడాది భృతి వారానికి 53 పౌండ్ల 45 పెన్నీలు. వారానికి ముప్పై గంటలు చాకిరీ చేస్తే గంటకి రెండు పౌండ్లు కూడా పడవు. అప్పటి కనీస వేతనం, 21 ఏళ్లు నిండినవారికి, 6 పౌండ్ల 8 పెన్నీలు. మరి తేడా ఎవరికి మిగిలినట్టు?

రైలీ కోర్టుకెక్కింది. ఇది వెట్టిచాకిరీ అన్న వాదన నిలవలేదు. కానీ పథకం ఏమిటో నిబంధనల్లో సరిగా రాయలేదని 2013 ఫిబ్రవరిలో అప్పీలు కోర్టు తేల్చింది. అక్టోబరులో సుప్రీంకోర్టు కూడా అదే మాట చెప్పింది. ఈలోపే, భృతి కోతపడిన వాళ్లకి దాదాపు 13 కోట్ల పౌండ్లు తిరిగి ఇవ్వాల్సి వస్తుందేమోనని, ప్రభుత్వం మార్చిలో హడావుడిగా కొత్త చట్టం తెచ్చి పాత తప్పును వెనక్కి వెళ్లి సక్రమం చేసుకుంది. ఆట అయ్యాక రూలు మార్చినట్టు! ఆ చట్టం నడుస్తున్న కేసుల విషయంలో మానవ హక్కులకు విరుద్ధమని 2016లో అప్పీలు కోర్టు అక్షింతలు వేసింది.

ఇంకో ముచ్చట. ఈ పిల్లల్ని ఏ ఏ సంస్థలు తీసుకుంటున్నాయో చెప్పమని సమాచార హక్కు కింద 2012లో ఒకరు అడిగారు. పేర్లు బయటపడితే కంపెనీలు తప్పుకుంటాయని సంబంధిత శాఖ ససేమిరా అంది. సమాచార కమిషనర్ చెప్పమన్నా వినకుండా అప్పీలు కోర్టు దాకా పోట్లాడి 2016లో ఓడింది. అప్పుడు బయటికొచ్చాయి, ఐదు వందల పైచిలుకు పేర్లు. అంత మంచి పథకమైతే పేరు చెప్పుకోడానికి మొహమాటం దేనికో!

కరోనా వేళ, 2020 సెప్టెంబరులో వచ్చిన ‘కిక్‌స్టార్ట్’ కాస్త నయం. 16-24 ఏళ్ల వాళ్లకి ఆరు నెలల పాటు వారానికి 25 గంటల పని, కనీస వేతనం ప్రభుత్వమే భరించింది. అయితే ఆ ఉద్యోగాలు ఎలాగూ వచ్చేవేనా, నిజంగా కొత్తవా అన్నది శాఖ నిర్ధారించుకోలేకపోయిందని 2021 నవంబరులో ఆడిట్ కార్యాలయం ఎత్తిచూపింది. లక్ష్యం రెండున్నర లక్షల మంది. చేరింది లక్షా అరవై వేల పైచిలుకే. డబ్బు ఇచ్చినంత సులువు కాదు, ఎక్కడ ఏం నేర్పారో చూడటం.

మనకెందుకీ గొడవ అంటారా? స్టూడెంట్ వీసాల మీద వచ్చినవాళ్లకి జాబ్‌సెంటర్ భృతే లేదు. కానీ ఈస్ట్‌హామ్‌లో, హారోలో స్థిరపడి పిల్లల్ని ఇక్కడే చదివించుకున్న ఇళ్ల సంగతి వేరు. డిగ్రీ చేత పట్టుకుని ఖాళీగా ఉన్న అబ్బాయి భృతికి వెళ్తే నామోషీ అని మనం అడ్డుపడతాం. తీరా వెళ్లాక ఏ కాగితం మీద సంతకం పెట్టాడో మాత్రం అడగం.

2025లో ఛాన్సలర్ రేచల్ రీవ్స్ 18 నెలలుగా పని లేని యువతకి జీతంతో కూడిన పని హామీ ప్రకటించారు. ఇలాంటి దేనికైనా మీవాళ్లని పంపేముందు, చేరడం ఇష్టమా, తప్పనిసరా, మధ్యలో మానేస్తే భృతి ఆగుతుందా, గంటకి ఎంత ఇస్తారు, పని నేర్పేదెవరు అన్నవి రాతపూర్వకంగా అడిగించండి. రైలీకి నోటిమాటగానే చెప్పారు మరి.