బోదకాలులో శోషరసానికి పక్కదారి

బోదకాలు దోమకాటు వల్ల వస్తుందని ఊరూరా తెలుసుగాని, వాపు శాశ్వతంగా నిలిచిపోవడానికి శోషరస నాళాలు చెడిపోవడమే కారణమన్న సంగతి అంతగా తెలియదు. రక్తనాళాల నుంచి కణజాలంలోకి ఊరిన నీటిని, మాంసకృత్తులను తిరిగి రక్తంలోకి చేర్చే ఈ సన్నని నాళాలలో ఫైలేరియా పురుగులు ఏళ్ల తరబడి నివసించడంతో అవి ఉబ్బిపోయి, ద్రవాన్ని వెనక్కు జారనీయని కవాటాలు పనిచేయడం మానేస్తాయి. ఆపై చర్మపు పగుళ్ల గుండా సూక్ష్మక్రిములు చొరబడి, చలిజ్వరంతో గజ్జల్లో బిళ్లలు కట్టిన ప్రతిసారీ మిగిలిన నాళాలు కూడా గట్టిపడుతూ పోతాయి. సామూహికంగా మింగించే డీఈసీ మాత్రలు రక్తంలోని పిల్లపురుగులను చంపి వ్యాప్తిని అరికడతాయే తప్ప, చెడిన నాళాన్ని బాగుచేయలేవు.

అందుకే సూక్ష్మ శస్త్రచికిత్స వైద్యులు ఆగిపోయిన ద్రవాన్ని దగ్గరలోని సిరలోకి మళ్లించే మార్గం వెదికారు. తమిళనాడులోని తంజావూరులో డాక్టర్ ఎస్. జమాల్ ఫైలేరియా రోగులకు చేసిన ఇటువంటి చికిత్సలను 1981లోనే వైద్య పత్రికలో ప్రకటించారు. గజ్జలోని శోషరస గ్రంథిని కోసి, తెరచిన ముఖాన్ని సిరకు కుట్టే పద్ధతి కూడా ఫైలేరియా రోగులకు ఉపయోగపడింది. మన పొరుగునే జరిగిన ఈ కృషి తెలుగు పాఠకులకు ఇంకా బాగా తెలియవలసి ఉంది.

1990ల నుంచి జపాన్ వైద్యుడు ఇసావ్ కోషిమా 0.8 మిల్లీమీటరు కన్నా సన్నని నాళాలను సూక్ష్మదర్శిని కింద, వెంట్రుక కన్నా సన్నని దారంతో చిన్న సిరలకు కలిపే పద్ధతిని అభివృద్ధి చేశారు. కాలివేళ్ల నడుమ ఇండోసయనిన్ గ్రీన్ అనే రంగుద్రవ్యాన్ని ఎక్కించి ప్రత్యేక కెమెరాతో చూస్తే, పనిచేసే నాళం గీతలా వెలుగుతుంది. చెడిన చోట రంగు చర్మంలోకి చిమ్మి మచ్చలా పరచుకుంటుంది. సిరలో ఒత్తిడి ఎక్కువైతే రక్తమే ఎదురుగా శోషరస నాళంలోకి తన్నుకొస్తుంది కాబట్టి, తక్కువ ఒత్తిడి, మంచి కవాటం ఉన్న చిన్న సిరను ఎంచుకోవడంలోనే వైద్యుని నేర్పు ఉంది. కలపడానికి నాళమే మిగలకపోతే మెడ నుంచో పొట్ట నుంచో శోషరస గ్రంథులను రక్తనాళాలతో సహా తెచ్చి అమరుస్తారు. వాపు కొవ్వుగా, పీచుగా మారి కాలు గట్టిపడ్డాక మాత్రం ద్రవాన్ని మళ్లించినంతమాత్రాన పరిమాణం తగ్గదు.

తెలంగాణ ప్రభుత్వం 2018 నుంచి బోదకాలు బాధితులకు పింఛను ఇస్తోంది. అది ఎంతో అవసరమైన ఆసరా, అయితే కాలు పూర్తిగా చెడకముందే చికిత్స అందడం అంతకన్నా అవసరం. ఆ రాష్ట్రంలోని చండ్రుగొండ వంటి అటవీ సరిహద్దు మండలంలో బురదలో నాట్లు వేసే కూలీల వేళ్ల సందులు ఒరిసి పుండ్లు పడే ప్రమాదం ఎక్కువ కనుక, రోజూ సబ్బుతో కడిగి తుడుచుకోవడం, బిగుతు కట్టు కట్టుకోవడం శస్త్రచికిత్సకు ముందూ తరువాతా తప్పనిసరి. రాత్రి కాలు ఎత్తుమీద ఉంచితే తెల్లవారేసరికి వాపు తగ్గే దశలోనే రోగిని గుర్తించి, ప్లాస్టిక్ సర్జరీ విభాగమున్న ఆసుపత్రికి పంపే ఏర్పాటు ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ ఉండాలి.