కాలి నిండా ఈకలు

1849 నవంబరులో అమెరికాలోని బోస్టన్ పబ్లిక్ గార్డెన్‌లో డేరా వేసి కోళ్ళను ప్రదర్శనకు పెట్టారు. ఆ దేశంలో అంత పెద్ద కోళ్ళ ప్రదర్శన అదే మొదటిది. వెయ్యికి పైగా కోళ్ళు వచ్చాయి, చూడటానికి పదివేలకు పైగా జనం వచ్చారు. ఆ రోజుల్లో అట్లాంటిక్‌కు రెండు వైపులా అందరి నోటా నానుతున్నవి తూర్పు దేశాల నుంచి ఓడల్లో దిగిన భారీ కోళ్ళు. ఒళ్ళంతా మెత్తటి ఈకలు, కాళ్ళ మీదా వేళ్ళ మీదా కూడా ఈకలే. ఐదు కిలోల దాకా తూగే పుంజు, ఎగరదు, ఎవరు పట్టుకున్నా గింజుకోదు. ఈనాడు మనవాళ్ళు ఫ్యాన్సీ కోళ్ళ వీడియోల్లో చూసి ముచ్చటపడుతున్న కొచ్చిన్ ఇదే.

దీని సొంతూరు చైనా. నల్లమందు యుద్ధంలో ఓడిన చైనా 1842లో నాన్‌కింగ్ ఒప్పందం మీద సంతకం చేసి, షాంఘైతో సహా ఐదు రేవులను బ్రిటిష్ వర్తకులకు తెరవాల్సి వచ్చింది. తేయాకు, పట్టు ఎక్కిన ఓడల్లోనే కోళ్ళూ ఎక్కాయి. వాటిని చాలామంది షాంఘై కోళ్ళనే పిలిచారు. దక్షిణ వియత్నాంకు అప్పట్లో ఉన్న కొచ్చిన్ చైనా అన్న పేరు ఎలాగో వీటికి అంటుకుని స్థిరపడింది. మన కేరళ కొచ్చికీ ఈ కోడికీ సంబంధం లేదు.

విక్టోరియా రాణి విండ్సర్‌లో కట్టించిన కోళ్ళశాలకు 1840ల మొదట్లోనే కొచ్చిన్ చైనా పేరుతో కొన్ని కోళ్ళు చేరాయి. అవి పొడుగు కాళ్ళవి, ఆ కాళ్ళకు ఈకలు లేవు. ఇప్పటి కొచ్చిన్‌కు మూలం ఆ తర్వాత షాంఘై నుంచి వచ్చిన కోళ్ళు. రాణిగారు ముచ్చటపడిందంటే ఊరు ఊరుకుంటుందా? 1850లో బర్మింగ్‌హామ్ ప్రదర్శనలో వీటిని చూశాక ఇంగ్లండులో కోళ్ళ పిచ్చి ముదిరింది. మంచి జతకు పని మనిషి ఏడాది జీతానికి మించిన ధర పలికింది. అమెరికాలో దీనికి కోళ్ళ జ్వరం అని పేరు పెట్టారు. మసాచుసెట్స్‌కు చెందిన జార్జ్ బర్న్‌హామ్ అనే వ్యాపారి 1852లో రాణికి తన కోళ్ళను కానుకగా పంపి, ఆ పేరుతో మరింత అమ్ముకున్నాడు. జ్వరం దిగిపోయాక 1855లో ఆ వైనమంతా తనే పుస్తకంగా రాసి, జనాన్ని ఎలా ఊరించారో చెప్పాడు. కోట్ల పెట్టుబడి అంటూ, నెలకింత రాబడి అంటూ ఏ పక్షినో జంతువునో అంటగట్టే ప్రకటన కనబడ్డప్పుడల్లా నాకు ఆ పుస్తకం గుర్తొస్తుంది.

పిచ్చి పోయినా కోడి మిగిలింది. మిగలడమే కాదు, మన పల్లెల దాకా వచ్చింది, వేరే రూపంలో. పశుసంవర్ధక శాఖ పంచిన రోడ్ ఐలాండ్ రెడ్ కోళ్ళు తెలుగు రైతులకు తెలిసినవే. అమెరికా తూర్పు తీరంలో రైతులు మలయ్ పుంజులనూ ఎర్రటి షాంఘై కోళ్ళనూ తమ నాటు కోళ్ళతో కలిపి ఆ జాతిని తయారుచేశారు. ఇంగ్లండులో 1890లలో తయారైన పసుపు వన్నె ఆర్పింగ్టన్‌లోనూ కొచ్చిన్ నెత్తురుంది. గోధుమ రంగు గుడ్డు పెట్టే పాశ్చాత్య జాతుల్లో చాలావాటి వంశవృక్షం తిరగేస్తే ఎక్కడో ఒక షాంఘై పెట్ట తగులుతుంది. వాటన్నిటినీ ఇచ్చిన కొచ్చిన్‌కు మాత్రం గుడ్ల పేరు పోయింది, ఏడాదికి 150 గుడ్లు దాటితే గొప్ప. దీనికి కారణం ప్రదర్శన పోటీలేనని నేను గట్టిగా నమ్ముతాను. 1865లో బ్రిటన్‌లోనూ, 1874లో అమెరికాలోనూ ఏ జాతి ఎలా ఉండాలో ముద్రించిన ప్రమాణాలు వచ్చాయి. న్యాయనిర్ణేతలు మెచ్చింది ఈకను. పెంపకందారులు ఈక చూసి తల్లిదండ్రులను ఎంచుకున్నారు, నడుము మీద దిండు పెట్టినట్టుండే ఆ ఒత్తైన ఈకలు తరతరానికీ పెరిగాయి. గుడ్ల బుట్ట వైపు ఎవరూ చూడలేదు.

ఇక కాలి ఈకల సంగతి. ఇంతకంటే ఆశ్చర్యకరమైన విషయం కోళ్ళ లోకంలో ఇంకొకటి ఉందనుకోను. కాలి ఈకలు ఎక్కడపడితే అక్కడ మొలవవు, కాలి వెలుపలి అంచునా, బయటి వేళ్ళ మీదా ఎక్కువగా మొలుస్తాయి. బాగా ఈకలున్న జాతుల్లో అవి రెక్క ఈకల్లాగే బారుగా, గట్టిగా ఉంటాయి. ఈ పోలికను చార్లెస్ డార్విన్ 1868లో అచ్చయిన తన గ్రంథంలో గుర్తించాడు. కాలి ఈక రెక్క ఈకకు బంధువు అన్నది ఆయన చూపుకు అందింది, కారణం అందలేదు. కారణం మన కాలంలో తెలిసింది. పిండంలో వెనక అవయవాన్ని కాలుగా మలిచే జన్యువు ఒకటి, పిట్ఎక్స్1. ముందరి అవయవాన్ని రెక్కగా మలిచేది మరొకటి, టీబీఎక్స్5. కాలికి ఈకలున్న కోళ్ళలో ఈ రెండు జన్యువులకు దగ్గరగా డీఎన్ఏలో మార్పులున్నాయని 2020లో ప్రచురితమైన పరిశోధన చూపింది. రెక్కను నడిపించాల్సిన జన్యువు కాలిలోనూ కొంత పనిచేస్తుంది. అంటే కొచ్చిన్ కాలు కొంతవరకు రెక్కే. ఎగరలేని ఈ కోడి కాళ్ళలో రెక్కల ఆనవాలు ఉండటం నన్ను ఎన్నిసార్లు తలుచుకున్నా కట్టిపడేస్తుంది.

ఆ కాళ్ళే పెంచేవారికి అసలు పని. నాటు కోడిని వర్షంలో వదిలేసినా దులుపుకుని పోతుంది. కొచ్చిన్ బురదలో పది అడుగులు వేస్తే వేళ్ళ ఈకలకు మట్టి ముద్దకట్టి ఆరి గట్టిపడుతుంది, లాగితే ఈక విరుగుతుంది. కొత్తగా మొలుస్తున్న ఈక మొదట్లో నెత్తురుంటుంది, అది విరిగితే కారుతుంది, ఎర్ర రంగు చూసిన మిగతా కోళ్ళు అక్కడే పొడుస్తాయి. అందుకని నేల పొడిగా ఉండాలి. వరి ఊక గానీ ఇసుక గానీ మందంగా పరిచి, తడిసిన చోట తడిసినట్టే తీసేయాలి. నీళ్ళ తొట్టి చుట్టూ ఎప్పుడూ తడే కాబట్టి దాన్ని ఇటుకల మీద పెట్టి, కింద గులకరాళ్ళు పోస్తే మేలు. ముద్దకట్టిన మట్టిని గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి వేళ్ళతో విడదీయాలి తప్ప కత్తెర వేయకూడదు.

ఈకల చాటున ఉండే జబ్బు ఇంకా పెద్దది. కాలి పొలుసుల కింద దూరి బతికే సూక్ష్మమైన పురుగు ఒకటుంది. నాటు కోడికి పడితే పొలుసులు లేచి, తెల్లగా పెచ్చుకట్టి దూరం నుంచే కనిపిస్తాయి. కొచ్చిన్‌లో కోడి కుంటేదాకా మనకు తెలియదు. వారానికొకసారైనా కోడిని ఒళ్ళో పెట్టుకుని, ఈకలు పైకి దువ్వి, పొలుసులు చూడాలి. మొదట్లోనే పట్టుకుంటే సబ్బునీళ్ళతో కడిగి, ఆరాక వాజలిన్ దట్టంగా పట్టించి, మానేదాకా మళ్ళీ మళ్ళీ రాస్తే ఆ పురుగు ఊపిరాడక చస్తుంది. ముదిరితే మందు పశువైద్యుణ్ణి అడిగే వాడాలి. ఇంత బరువున్న కోడి ఎత్తైన కర్ర మీద నుంచి దూకితే అరికాలు చిట్లి చీము పడుతుంది, కాబట్టి పడుకునే కర్ర ఒక అడుగు ఎత్తుకు మించకూడదు. కొక్కెర తెగులుకు, మశూచికి టీకాలు అన్ని కోళ్ళకు వేయించినట్టే దీనికీ వేయించాలి.

ఎండ గురించి నిర్మొహమాటంగా చెప్పాలి. కోడికి చెమట పట్టదు. ముక్కు తెరిచి ఒగరుస్తుంది, తల మీది జుట్టు గుండా, గొంతు కింద వేలాడే తోలు గుండా, ఈకలేని కాళ్ళ గుండా కొంత వేడి పోగొట్టుకుంటుంది. కొచ్చిన్‌కు జుట్టు చిన్నది, కాళ్ళు ఈకల్లో ఉన్నాయి, ఒళ్ళంతా దుప్పటంత ఈక. చలిలో ఇవన్నీ వరం. మే నెలలో రెంటచింతల, రామగుండం వైపు 45 డిగ్రీలు కాస్తుంటే రేకుల షెడ్డులో కొచ్చిన్‌ను పెంచడం దాన్ని చంపడమే. చెట్టు నీడ, తాటాకు పైకప్పు, గాలి ఆడే గోడలు, పూటపూటకూ మార్చే చల్లని నీళ్ళు ఇవ్వలేనివారు ఈ కోడిని కొనకూడదు. అరకు వంటి కొండ ప్రాంతాల్లో దీనికి కాస్త ఊరట.

సంతతి తీసేటప్పుడు పిరుదుల దగ్గరి ఒత్తైన ఈకలే అడ్డు. పుంజుకూ పెట్టకూ గుద చుట్టూ ఈకలు కత్తిరించకపోతే జత కుదరక గుడ్లు మురుగుతాయి. ఒక పుంజుకు నాలుగైదు పెట్టలు చాలు. నాటు పెట్టతో కలిపితే పిల్లల కాళ్ళకు అరకొర ఈకలే వస్తాయి, వాటినే కొచ్చిన్ అని అమ్మేవారున్నారు. వంకీలు తిరిగిన ఈకల రకం మీద మోజుపడి రెండు వంకీ కోళ్ళనే జతకట్టిస్తే పిల్లల్లో నాలుగో వంతుకు ఈక పెళుసై రాలిపోయి ఒళ్ళు బోడిపడుతుంది. ఒకవైపు మామూలు ఈకల కోడి ఉండి తీరాలి.

పొదగడంలో మాత్రం కొచ్చిన్ పెట్టకు సాటి తక్కువ. బాతు గుడ్లు పెట్టినా, టర్కీ గుడ్లు పెట్టినా తనవే అనుకుని కూర్చుంటుంది, 21 రోజులకు బదులు 28 రోజులైనా లేవదు. బరువు వల్ల గుడ్లు చిట్లే ప్రమాదముంది కాబట్టి గంపలో గడ్డి లోతుగా వేయాలి. పిల్లలు నెమ్మదిగా ఎదుగుతాయి, పూర్తి ఆకారానికి ఏడాది చాలదు, కొన్నిటికి రెండేళ్ళు పడుతుంది. నాలుగు నెలల పిల్లకు కాలి ఈక తక్కువగా ఉందని తీసేయడం, ఎక్కువగా ఉందని విత్తనానికి ఉంచుకోవడం రెండూ తొందరపాటే. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం కాళ్ళు చెడకుండా దాటిన పుంజు, గుడ్లు సరిగా పెట్టి పిల్లలను పెంచిన పెట్ట ఏవో రెండో ఏడాదికి తేలతాయి. గంపలోకి వాటి గుడ్లే వెళ్ళాలి.