ఊ కొట్టే మనిషి ఉండాలి

గది నిండా పసిపిల్లలు. కానీ ఏడుపు వినిపించదు. 2000 ప్రాంతంలో రుమేనియా రాజధాని బుకారెస్ట్‌లోని శిశు గృహాలకు వెళ్లిన అమెరికన్ పరిశోధకులకు ముందు కొట్టొచ్చినట్టు అనిపించింది ఈ నిశ్శబ్దమే. ఎంత ఏడ్చినా ఎవరూ రారని ఆ పిల్లలకి అప్పటికే తెలిసిపోయింది మరి.

జనాభా పెంచాలని నియంత చౌషెస్కు 1966లో అబార్షన్లను దాదాపుగా నిషేధించాడు. పెంచలేని తల్లిదండ్రులు పిల్లల్ని సర్కారుకి అప్పగించారు. 1989లో అతను కూలిపోయేనాటికి లక్షమందికి పైగా పిల్లలు అలాంటి చోట్ల ఉన్నారు. వాళ్లలో చాలామంది అనాథలు కూడా కాదు. ఒక్కో ఆయాకి పది పన్నెండు మంది పిల్లలు. షిఫ్ట్ మారితే ఆయా కూడా మారిపోతుంది. ఇక కూర్చుని కబుర్లు చెప్పేదెవరు?

నెల్సన్, ఫాక్స్, జీనా అనే ముగ్గురు శాస్త్రవేత్తలు 6 నుంచి 31 నెలల వయసున్న 136 మందిని తీసుకున్నారు. చీటీలు తీసినట్టు సగం మందిని పెంపుడు కుటుంబాలకు పంపారు. మిగతావాళ్లు ఉన్నచోటే ఉన్నారు. మా ఆఫీసు భాషలో దీన్ని ఏ/బీ టెస్ట్ అంటాం. యాప్‌లో బటన్ రంగు మీద చేసే పని పసిపిల్లల మీద చేయడమేంటని నాకు ఒళ్లు మండింది. కానీ అప్పటికి అక్కడ పెంపుడు కుటుంబాల పద్ధతే దాదాపు లేదు. ఆ కుటుంబాలను వెతికి, డబ్బిచ్చి నిలబెట్టింది ఈ ప్రాజెక్టే. మిగిలినవాళ్లకి తర్వాత ఇల్లు దొరికితే అడ్డుపడలేదు కూడా. అయినా పూర్తిగా మింగుడుపడలేదు, నిజం చెప్పాలంటే.

ఇక మాటల సంగతి. 15 నెలల లోపు ఇంటికి చేరినవాళ్లు 30, 42 నెలల వయసులో మామూలు ఇళ్లలో పెరిగిన పిల్లలతో సమానంగా ఉన్నారు. 15-24 నెలల మధ్య వెళ్లినవాళ్లు కొంత అందుకున్నారు. రెండేళ్లు దాటాక వెళ్లినవాళ్లు మాత్రం శిశు గృహంలోనే ఉండిపోయిన పిల్లల్లాగే బాగా వెనకబడ్డారు. ఎనిమిదేళ్ల వయసులో మళ్లీ చూస్తే, 26 నెలల లోపు ఇల్లు దొరికినవాళ్లు మిగతావాళ్ల కన్నా పొడవైన వాక్యాలు మాట్లాడుతున్నారు.

ఎందుకిలా? మా అక్క కూతురికి ఏడాది. అది ‘మ్మా... మ్మా’ అనగానే అమ్మని పిలుస్తోందని అక్క, మమ్ము కావాలంటోందని అమ్మ, కాదు నన్నే మామా అంటోందని నేను. ఈ గొడవంతా అది కళ్లప్పగించి చూస్తుంది. తను నోరు తెరిస్తే మనుషులు కదులుతున్నారని దానికి తెలుస్తోంది. బుకారెస్ట్ పిల్లలకి తెలిసింది దీనికి సరిగ్గా రివర్స్.

ఫోన్‌లో రైమ్స్ పెట్టేస్తే చాలదా అంటారా? సియాటెల్‌లో ప్యాట్రీషియా కూల్ బృందం 9 నెలల అమెరికన్ పిల్లలకి 12 సార్లు చైనీస్ వినిపించింది. మనిషి ఎదురుగా కూర్చుని ఆడిస్తూ మాట్లాడితే ఆ భాష శబ్దాల తేడాని పిల్లలు పట్టేశారు. అదే టీవీలో చూపిస్తే ఏమీ ఎక్కలేదు. 2003 నాటి ఫలితం ఇది. అంటే హాల్లో మూలన టీవీ పెట్టినంత మాత్రాన ఆయాల కొరత తీరదు.

మన దగ్గర హైదరాబాద్ యూసుఫ్‌గూడ శిశు విహార్, జిల్లాల్లో శిశు గృహలు ఇలాంటి పిల్లల్ని చూసుకుంటాయి. అవి బుకారెస్ట్‌లా ఉన్నాయని నేను అనట్లేదు. నా చూపంతా క్యాలెండర్ మీదే. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం, వదిలేసిన బిడ్డకి రెండేళ్ల లోపు వయసుంటే రెండు నెలల్లో, దాటితే నాలుగు నెలల్లో దత్తత ఇవ్వొచ్చో లేదో తేల్చాలి. రుమేనియా అయితే 2004లో, తీవ్రమైన వైకల్యం ఉన్నవాళ్లని మినహాయించి, రెండేళ్ల లోపు పిల్లల్ని సంస్థల్లో పెట్టడమే చట్టంతో ఆపేసింది. ఇక్కడ ఒక ఫైలు ఆరు నెలలు టేబుల్ మీద ఆగిందనుకోండి. తొమ్మిది నెలలప్పుడు దొరికిన బిడ్డకి అప్పటికే 15 నెలలు నిండిపోతాయి.