శాండ్‌విచ్‌లు కట్టిచ్చిన కోచ్‌గారు

టీవీలో ఆట మొదలైతే చాలు, చాలా ఇళ్లలో ముందుగది మగవాళ్ల సొంతం! ‘ఆ గోల మనకెందుకులే’ అని మీరు వంటింట్లోకి వెళ్లిపోతారు కదూ? ఈ వారం మాత్రం ఒక ఆటల మాస్టారి గురించి చెప్పుకుందాం. ఆయన గెలిపించిన మ్యాచ్‌లు 408. అయితే ఆయన చేసిన పనుల్లో సగం మీరు రోజూ చేసేవే. పిల్లల్ని నిద్ర లేపడం, దారిలో తినడానికి కట్టివ్వడం, క్లాసుకి వెళ్లావా అని ఆరా తీయడం, నలుగురిలో ఎలా మసలుకోవాలో నేర్పడం!

ఆయన పేరు ఎడ్డీ రాబిన్సన్. అమెరికాలోని లూయిసియానా రాష్ట్రంలో గ్రాంబ్లింగ్ అనే చిన్న ఊరుంది. అక్కడి నల్లజాతి విద్యార్థుల కాలేజీలో ఆయన ఫుట్‌బాల్ కోచ్. 1941లో చేరారు. 1997లో దిగిపోయారు. మధ్యలో ఇంకో కాలేజీ మెట్లెక్కలేదు.

ఇది మన ఫుట్‌బాల్ కాదు

మనం ఫుట్‌బాల్ అనేదాన్ని అమెరికావాళ్లు సాకర్ అంటారు. వాళ్ల ఫుట్‌బాల్ వేరు. బంతి కోలగా ఉంటుంది. దాన్ని ఎక్కువగా చేత్తోనే పట్టుకుని పరిగెడతారు, విసురుతారు. అడ్డుకునేవాళ్లు మన కబడ్డీలోలా మీదపడి పట్టేస్తారు. అందుకే తలకి హెల్మెట్, భుజాలకి దిళ్లలాంటి కవచాలు. జట్టుకి 11 మంది. నాలుగు ప్రయత్నాల్లో కనీసం 10 గజాలు ముందుకు జరగాలి. లేకపోతే బంతి అవతలివాళ్ల పాలు.

అక్కడ కాలేజీ జట్ల ఆటకి కూడా వేలకి వేలు జనం వస్తారు. బాగా ఆడే కుర్రాడికి కాలేజీయే ఫీజులు భరించి చదివిస్తుంది. పేదింటి పిల్లాడికి ఆటే చదువుకి దారి అన్నమాట.

దాణామిల్లులోంచి మైదానానికి

రాబిన్సన్ 1919లో పుట్టారు. తండ్రి కౌలు రైతు, తల్లి ఇళ్లలో పనిచేసేది. ఆయన పెరిగిన బేటన్‌రూజ్‌లో పెద్ద యూనివర్సిటీ ఉన్నా, ఆ రోజుల్లో నల్లవారికి అందులో ప్రవేశం లేదు. అందుకని లీలండ్ అనే చిన్న కాలేజీలో చదివారు. డిగ్రీ చేతిలో ఉన్నా దొరికిన పని పశువుల దాణామిల్లులో. కూలి గంటకి పావు డాలరు.

అప్పుడే భార్య తరఫు బంధువు ఒకరి ద్వారా గ్రాంబ్లింగ్‌లో కోచ్ కావాలని తెలిసింది. జీతం నెలకి 63 డాలర్ల 75 సెంట్లు. ఆయన వయసు 22. కొత్తగా పెళ్లయింది. వెళ్లి చేరిపోయారు.

కోచ్ అన్నది పేరుకే! మైదానంలో గడ్డి కోసేది ఆయనే. సున్నంతో గీతలు గీసేది ఆయనే. పిల్లల కాళ్లకి పట్టీలు కట్టేదీ, ఆట అయ్యాక పేపర్లకి వార్త రాసి పంపేదీ కూడా ఆయనే. మొదటి ఏడాది గెలిచినవి 3, ఓడినవి 5. రెండో ఏడాది 1942లో 9 ఆడితే 9 గెలిచారు. ఆ తొమ్మిదింటిలోనూ ఎదుటి జట్టుకి ఒక్క పాయింటు కూడా రాలేదు!

డబ్బున్నా అన్నం పెట్టని హోటళ్లు

అది అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో తెల్లవారికీ నల్లవారికీ అన్నీ వేరుగా ఉన్న కాలం. జట్టు బస్సులో వేరే ఊరికి బయల్దేరితే దారిలో ఎన్ని హోటళ్లున్నా వీళ్లని లోపలికి రానివ్వరు. చేతిలో డబ్బున్నా సరే! కడుపు మాడ్చుకుని పిల్లలు ఏం ఆడతారు? కోచ్‌గారు ముందే కూర్చుని శాండ్‌విచ్‌లు చేసి బస్సులో పెట్టేవారు. ప్రయాణమంటే పులిహోర కలిపి పొట్లాలు కట్టే మనకి ఆ పని తెలుసు. కాకపోతే మనం కట్టేది ఇంటి రుచి కోసం, ఆయన కట్టింది అవమానం ఎదురుకాకూడదని.

వేళకి లేపడం కూడా ఆయన పనే. పొద్దున్నే హాస్టల్ వరండాల్లో ఆవు మెడగంట మోగించుకుంటూ తిరిగేవారు. ‘లేవండి, క్లాసులకి వెళ్లండి’ అని. ప్రయాణాల్లో కోటు, టై ఉండాల్సిందే. బల్ల దగ్గర ఎలా తినాలో కూడా నేర్పేవారు. ఇదంతా చాదస్తం అనుకున్న కుర్రాళ్లు లేకపోలేదు. మన పిల్లలు మాత్రం అనుకోరా ఏమిటి!

ఒకసారి ఇద్దరు మంచి ఆటగాళ్లని తండ్రి పత్తి ఏరడానికి పొలానికి తీసుకుపోయాడు. కోచ్‌గారు కోప్పడలేదు. జట్టునంతా వెంటబెట్టుకుని వెళ్లి ఆ పత్తి ఏరించారు. పని తెమిలింది, పిల్లలు ఆటకి వచ్చారు. ఇంటి అవసరం ఏమిటో అర్థం చేసుకున్న మనిషి కాబట్టి ఆ ఉపాయం తట్టింది.

‘మీవాళ్లకి ఆ స్థానం కుదరదు’

1949లో ఆయన శిష్యుడు ట్యాంక్ యంగర్ లాస్ ఏంజెలిస్ రామ్స్ అనే వృత్తి జట్టులో చేరాడు. నల్లవారి కాలేజీ నుంచి ఆ పెద్ద లీగ్‌కి వెళ్లిన మొదటివాడు అతనే. వెళ్లేముందు కోచ్ ఒక హెచ్చరిక చేశారు. నువ్వు ఓడిపోతే ‘మంచివాడిని తెచ్చి చూశాం, పనికి రాలేదు’ అంటారు, నీ వెనకవాళ్లకి తలుపు మూసుకుపోతుంది అని. చూడండి, ఎంత బరువు ఆ భుజాల మీద! యంగర్ నిలబడ్డాడు. తర్వాత రాబిన్సన్ దగ్గర నుంచి 200 మందికి పైగా ఆ లీగ్‌కి వెళ్లారు.

అయినా ఒక తలుపు తెరుచుకోలేదు. జట్టులో క్వార్టర్‌బ్యాక్ అని ఒకడుంటాడు. పెళ్లి వంటలో ఏది ముందు ఎక్కించాలో, ఏది దించాలో చెప్పే పెద్ద దిక్కులాంటివాడు. బంతి ఎవరికి చేరాలో క్షణంలో తేల్చేది అతనే. నల్లవారికి పరుగు వచ్చుగానీ, ఆ స్థానానికి కావలసిన తెలివి ఉండదని చాలామంది నమ్మేవారు.

రాబిన్సన్ వాదనకి దిగలేదు. పిల్లల్ని తయారుచేశారు. ఆయన శిష్యుడు జేమ్స్ హారిస్ 1969లో బఫెలో జట్టుకి సీజన్ మొదటి మ్యాచ్‌లోనే ఆ స్థానంలో ఆడాడు. మరో శిష్యుడు డగ్ విలియమ్స్ 1988 జనవరిలో ‘సూపర్ బౌల్’ అనే ఫైనల్ ఆడాడు. వాషింగ్టన్ జట్టు 42-10తో గెలిచింది. ఉత్తమ ఆటగాడి బహుమతి విలియమ్స్‌దే. ఆ పాత మాటకి అదే గట్టి జవాబు.

దిగిపోయే వేళ

1985లో రాబిన్సన్ 324వ విజయంతో, అప్పటిదాకా అందరికంటే ముందున్న బేర్ బ్రయంట్‌ని దాటారు. 408 దగ్గర ఆగిన ఆయన లెక్కని 2003లో జాన్ గాలియార్డీ అనే కోచ్ దాటారు. రాబిన్సన్ మాత్రం తన అసలు రికార్డు వేరే అనేవారు: ఒకే ఉద్యోగం, ఒకే భార్య!

చివరి రోజులు తీపిగా లేవు. 1996లో జట్టు 3 గెలిచి 8 ఓడింది. దింపేద్దామన్న ప్రయత్నం జరిగింది. జనం ఊరుకోలేదు. ఇంకో ఏడాది ఇచ్చారు. 1997లోనూ 3 గెలుపులు, 8 ఓటములే. న్యూ ఆర్లీన్స్‌లో ఆడిన ఆఖరి ఆట కూడా ఓటమితోనే ముగిసింది. ఆయన కుర్చీలో తర్వాత కూర్చున్నది శిష్యుడు విలియమ్స్.

అంతకంటే పెద్ద దెబ్బ ఇంటికొచ్చింది. ఆయనకి అల్జీమర్స్. వేలమంది పిల్లల్ని పెంచిన మనిషికి జ్ఞాపకాలు ఒక్కొక్కటే జారిపోయాయి. 1941లో ఆయన చెయ్యి పట్టుకుని ఆ ఊరొచ్చిన డోరిస్ చివరిదాకా తోడున్నారు. 2007 ఏప్రిల్ 3న ఆయన కన్నుమూశారు. రాష్ట్ర రాజధాని భవనంలో భౌతికకాయాన్ని ఉంచితే జనం వచ్చి నివాళులర్పించారు. ఒకప్పుడు హోటల్లో కూర్చుని తిననివ్వని రాష్ట్రమే అది! డోరిస్ 2015లో వెళ్లిపోయారు.

మీ ఇంట్లో పెద్దవాళ్లు అడిగిందే మళ్లీ మళ్లీ అడుగుతున్నా, తెలిసిన దారి తప్పిపోతున్నా ‘వయసు చాదస్తం’ అని తీసిపారేయకండి. డాక్టరుకి చూపించండి. ఆ జబ్బుని పూర్తిగా నయంచేసే మందు ఇంకా రాలేదు. కానీ ముందే తెలిస్తే మందులు, డబ్బు, చూసుకునే మనిషి అన్నీ ఒక క్రమంలో పెట్టుకోవచ్చు. చూసుకునే భారం ఒక్క కోడలి మీదో, భార్య మీదో వదిలేయకుండా ఇంట్లో అందరూ వంతులు వేసుకోవాలి.

408 విజయాలు పుస్తకాల్లోకి ఎక్కాయి. గంట మోగించిన పొద్దులు, కట్టిచ్చిన శాండ్‌విచ్‌లు ఎవరూ లెక్కపెట్టలేదు. అవి లేకపోతే ఇవీ లేవు. ఈసారి ‘నువ్వు ఇంట్లో చేసే పనేముంది?’ అని ఎవరైనా అంటే, ఈ కోచ్‌గారి కథ చెప్పండి!